నాయనమ్మ గురిగి

(ఒక సంఘంలో జరిగిన యౌవనస్థుల కూటంలో, ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. పాస్టరు గారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు వందనాలు. పొద్దుటినుంచి ఈ ప్లాస్టిక్ కుర్చీల్లో కదలకుండా కూర్చున్న పిల్లలకు మరీ వందనాలు. భోజనాల తర్వాత ప్రసంగం అంటే ఎవరికో ఒకరికి శిక్షే. నాకో మీకో కాసేపట్లో తేలిపోతుంది. (నవ్వులు)

నేను ముప్పయ్యారేళ్ళు బడిలో తెలుగు చెప్పాను. అందుకే లోపలికి రాగానే నా కన్ను మీ బ్యానర్ మీది అక్షరాల మీదికి పోయింది. తప్పుల్లేవు, సంతోషం. మూడు మాటలు రాశారు: గుర్తింపు, ధైర్యం, దాతృత్వం. ఫోన్ చేసిన తమ్ముడు "మేడమ్, ఒక్కోదానికి పదిహేను నిమిషాలు తీసుకోండి" అన్నాడు. వారం రోజులు కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. విడదీయడం నా వల్ల కాలేదు. నాకు ఈ మూడూ ఒకే వస్తువులో కనిపిస్తాయి. ఆ వస్తువు పేరు గురిగి.

గురిగి అంటే ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఆఁ, అనుకున్నట్టే వెనక కూర్చున్న అమ్మలు ఎత్తారు. చిన్న మట్టికుండ, అంతే. అరసోలెడు పెరుగు తోడేసేంత ఉంటుంది. మా నాయనమ్మ గురిగి మూతి ఒకవైపు పెచ్చు ఊడి ఉండేది. కొబ్బరిచిప్ప దానికి మూత. పొయ్యి పక్కన గూట్లో, ఉప్పు డబ్బా వెనకాల దాని చోటు.

నాయనమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, చేటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరేది. ఎసరు కుతకుతమనే చప్పుడు వినగానే చేయి ఆగేది. బియ్యం కడగడానికి ముందు కుడిచేత్తో ఒక పిడికెడు తీసి గురిగిలో వేసేది. వేసేటప్పుడు పెదవులు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. బియ్యం లేని రోజు జొన్నలు. జొన్న గటక వండేరోజు రవ్వ. పూటపూటకీ అదే వరస. ఆదివారం ఆ గురిగి కొంగు చాటున పెట్టుకొని గుడికి తెచ్చి, బల్ల ముందున్న గంపలో గుమ్మరించేది. పదిమంది ఆడవాళ్ళు గుమ్మరిస్తే ఆ గంపలో తెల్లవి, ఎర్రవి, ముక్కబియ్యం, జొన్నలు అన్నీ కలిసిపోయేవి. ఎవరిది ఎంతో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు మనం కవర్ మీద పేరు రాసి, మైకులో చదివిస్తున్నాం. సరే, అది వేరే ప్రసంగం.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువు అడుగు పగుళ్ళిచ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఒక్క పూటే. ఆ పూట కూడా నాయనమ్మ చేయి గురిగిలోకి పోయింది. నాకు కడుపు మండింది. "మనకే లేకపాయె, మళ్ళ ఎవరికి పోస్తవు? గుడి అయ్యగారు మనకంటే మంచిగనే తింటున్నడు గద" అన్నాను. (నవ్వులు) పాస్టరు గారూ, మిమ్మల్ని కాదు. అప్పటి అయ్యగారిని.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చేట పక్కకు జరిపి ఇలా అంది: "బిడ్డా, దొర గడీ ముందర కొంగు పట్టి నిలబడ్డదాన్ని. నా బతుకంత ఎవలో పోస్తే పట్టిన. పొయ్యకపోతే ఉత్తకొంగుతోని ఇంటికొచ్చిన. గీ పిడికెడు ఒక్కటే నేను పోసేది. ఇది గూడ ఆపుమంటవా?"

అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. అర్థం కావడానికి పదిహేనేళ్ళు పట్టింది, ఒక అద్దెగది పోయింది. అక్కడికి వస్తాను.

ముందు ఆ గడీ సంగతి చెప్పాలి, మీలో చాలామందికి అది సినిమాలో చూసిన సెట్టింగే కాబట్టి. నిజాం రాజ్యంలో మా వైపు ఊళ్ళల్లో వెట్టి ఉండేది. గూడెం నుంచి మనుషులు వంతుల ప్రకారం గడీకి పోవాలి. కట్టెలు కొట్టాలి, కబురు మోయాలి, చెప్పులు కుట్టియ్యాలి. కూలి మాటెత్తకూడదు. "నీ బాంచన్, కాల్మొక్త" అన్నది పలకరింపు. మనిషికి పేరుండేది కానీ దాన్ని పూర్తిగా పలికే నోరు ఊళ్ళో లేదు. మల్లయ్య అని పెట్టుకుంటే మల్లిగాడు. ఎల్లమ్మ అయితే ఎల్లి. తెలుగు టీచర్ని కదా, ఈ చిన్న చిన్న మాటల మీద నాకు పిచ్చి. 'అయ్య', 'అమ్మ' అనే ఆ చివరి ముక్క ఎవరి పేరుకి అతుక్కుంటుంది, ఎవరి పేరునుంచి ఊడిపోతుంది అని చూస్తే చాలు, ఊరి చరిత్రంతా అక్కడే ఉంటుంది.

అలాంటి చోటికి 1909లో ఒకాయన వచ్చాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మీకు తెలిసిన పేరే, డోర్నకల్ బిషప్పు. కానీ ఆయన మన భాషవాడు కాదని ఎంతమందికి గుర్తుంది? 1874లో తిరునెల్వేలి వైపు వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టిన తమిళుడు. ఊరి పాస్టరు కొడుకు. తెలుగు మనలాగా తల్లి ఒళ్ళో రాలేదు ఆయనకు, పెద్దయ్యాక కూర్చుని నేర్చుకున్నాడు. 1903లో ఆయనా, ఆయన స్నేహితులూ తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. మన మనుషులు, మన డబ్బు, మన నిర్వహణ అన్నది వాళ్ళ పట్టుదల. ఆ డబ్బు ఎవరిది? ఆ సంఘాల్లో చాలామంది తాటిచెట్లు ఎక్కి బతికే కుటుంబాలవాళ్ళు. తాటిబెల్లం అమ్ముకున్న పైసల్లోంచి తీసి పక్కన పెట్టారు. ఎప్పుడూ చూడని డోర్నకల్‌కి, అర్థం కాని తెలుగువాళ్ళకి పంపారు. మా గూడేనికి సువార్త ఓడెక్కి వచ్చిందని అందరూ అంటారు. మా దగ్గరికి మాత్రం అది తాటిచెట్టు దిగి, రైలెక్కి వచ్చింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. మావాళ్ళు బిషప్పు అనేవాళ్ళు కాదు, తండ్రిగారు అనేవాళ్ళు. ఎద్దుబండి మీద గూడేనికి వచ్చి గొంగడి మీద కూర్చునేవాడని నాయనమ్మ చెప్పేది. ఇప్పటి డోర్నకల్ కెథడ్రల్ మీరు చూసే ఉంటారు. గుమ్మటాలున్నాయి, మినార్లున్నాయి, లోపలికి పోతే మన మంటపాల్లో ఉండే లాంటి రాతి స్తంభాలు. కట్టడం ఏళ్ళకేళ్ళు సాగింది, 1939కి గానీ ప్రతిష్ఠ కాలేదు. ఫోటోలు దిగితే దిగండి గానీ ఆ స్తంభాల మీద చెక్కిన పువ్వుల్ని కూడా కాస్త చూడండి. దేవుడు మన ఊరివాడే అని రాయి మీద చెప్పడానికి ఆయన పడ్డ తాపత్రయం అది.

ఆయన చేసిన ఒక పని మీద నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళని తమ చేయి తమ తల మీదే పెట్టుకోమనేవాడు. పెట్టుకొని, పౌలు కొరింథీయులకు రాసిన మాట పట్టుకొని చెప్పించేవాడు: నేను బాప్తిస్మము పొందినవాడను, "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ." మీరు ఒకసారి పెట్టుకోండి. పెట్టుకోండి, సిగ్గుపడకండి. ... బరువు తెలుస్తోందా?

ఇప్పుడు మా నాయనమ్మ తలని ఊహించుకోండి. అప్పుడామె పెళ్ళికాని పిల్ల. అప్పటిదాకా ఆ తల మీద ఏముండేవి? గడ్డిమోపు. పేడతట్ట. దొరవారి మూట. ఆ తల మీద తన చేయి తానే పెట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. అందులోనూ ఏం చెబుతోంది? నా దగ్గర ఒక మాట ఉంది, దాన్ని నేను ఇంకొకరికి ఇవ్వాలి, ఇవ్వకపోతే నాకు శ్రమ. అక్షరం ముక్క రాని పిల్ల అది. ఆమె దగ్గర ఇవ్వడానికి ఏదో ఉందని ఆ రోజు దాకా ఈ భూమ్మీద ఎవరూ అనలేదు.

ఆ రోజే పేరు కూడా. కరుణమ్మ, సువార్తమ్మ, దీవెనమ్మ, ఏసుపాదం, దేవసహాయం... మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళ పేర్లు ఇవే. ఇప్పుడు మీకు నవ్వొస్తుంది, ఓల్డ్ మోడల్ పేర్లు అని. కానీ చూడండి, ఆ పేర్ల చివర అమ్మ ఉంది. గుళ్ళో ఆ అమ్మని ఎవరూ ఊడబెరకలేదు. వారానికి ఒకరోజు, గంటన్నరసేపు ఆమె పూర్తి పేరుతో ఉండేది. యెషయా గ్రంథం నలభై మూడో అధ్యాయం మొదటి వచనం మీలో చాలామందికి కంఠతా వచ్చు: "భయపడకుము, పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు." మీ బ్యానర్ మీద రెండు మాటలు ఒకే వచనంలో ఉన్నాయి. భయపడకు అన్నదానికి కారణం వెంటనే చెప్పాడు: పేరు పెట్టి పిలిచాను. పేరు లేని చోట ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ధైర్యం అనగానే మీకు దానియేలుని పడేసిన సింహాల గుహ గుర్తొస్తుంది. నాకు ఆదివారం గుర్తొస్తుంది. చెబుతాను.

ఒంగోలు వైపు కథ ఇది. అది బాప్టిస్టులది కదా మేడమ్ అనకండి, అయినవాళ్ళ కథే. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. అంతకుముందు యోగమార్గంలో గురువుల దగ్గర కూర్చున్నవాడు, సత్యం వెతుక్కుంటూ వచ్చినవాడు. ఆయన వెనకాల పల్లెలు కదిలాయి. అప్పుడు ఒంగోల్లో ఉన్న మిషనరీ దొరగారు జాన్ క్లౌ. ఆయన పెట్టిన బడికి అప్పటికి పై కులాల పిల్లలు వస్తున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లలు రారు అని పెద్దమనుషులు తెగేసి చెప్పారు. ఆయన ఒక గదిలో, భార్య ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. మొదటి కొరింథీయులకు ఒకటో అధ్యాయం: "మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." బడి ఖాళీ అయింది. గూడెం నిండింది.

అలా చేరినవాళ్ళకు పెట్టిన షరతులు మూడే. విగ్రహాలకు మొక్కొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. ఆదివారం పని చేయొద్దు. మొదటి రెండూ మనకు వెంటనే అర్థమవుతాయి. మూడోదాన్ని మనం ఇప్పుడు సెలవు కింద చూస్తాం. పాలేరుతనం చేసే మనిషికి వారంలో తనదంటూ ఒక్క రోజు లేదు. సూర్యుడు ఆసామిది, చేయి ఆసామిది. ఆ మనిషి పోయి "రేపు ఆదివారం, నేను రాను" అనాలి. అన్నారు. జాతరలో డప్పు కొట్టం అన్నారు. ఏమైంది? కుమ్మరి వాళ్ళకు కుండ అమ్మలేదు, చాకలి బట్ట ముట్టలేదు, పశువుల్ని ఊరి బీట్లో మేయనివ్వలేదు. అయినా తర్వాతి ఆదివారం వచ్చింది, మళ్ళీ రాము అన్నారు. వారం వారం వచ్చే పరీక్ష అది. సింహాల గుహ ఒక్కరాత్రితో అయిపోతుంది, చూడండి.

ఇంకొక్క సంగతి చెప్పి ఒంగోలు వదిలేస్తాను. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక మూడు మైళ్ళ చిల్లర ముక్కకి క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమందికి పని, పనికి కూలి. అడుక్కునే పని లేకుండా. ఆ కాలమంతా బాప్తిస్మం అడిగినవాళ్ళకి ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక తలుపు తీశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజులో 2,222 మంది. నీళ్ళలో దిగి ఇచ్చింది మన బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ. ఆ అంకె అందరూ చెబుతారు, పోస్టర్ల మీద వేస్తారు. నాకు ఆ అంకె కంటే ముందు ఇవ్వకుండా ఆగిన పదిహేను నెలలే గొప్పగా అనిపిస్తాయి. ఇచ్చే చేయి గాలం వేయకూడదని ఆయనకు తెలుసు.

ఇక నా అద్దెగది.

1979. నాకు ఉద్యోగం వచ్చి ఏడాది. ఊరి పేరు చెప్పను, చిన్న టౌను. గది చూడ్డానికి పోతే ఇంటావిడ అడిగింది, "మీరేమిటోళ్ళమ్మా?" అద్దెకి పోయినవాళ్ళందరికీ ఆ ప్రశ్న తెలుసు. నేను అబద్ధం చెప్పలేదు. "మా నాన్న టీచరండీ" అన్నాను. ఆమెకు ఏది కావాలో అది అనుకుంది. నేను అనుకోనిచ్చాను. బైబిలు ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టాను. ఆదివారం టౌను ఆ చివర ఉన్న గుడికి పోతూ ఫ్రెండ్ ఇంటికి అని చెప్పేదాన్ని. ప్రార్థన చేసుకుంటే కళ్ళు తెరిచే చేసుకునేదాన్ని, కిటికీలోంచి ఎవరైనా చూస్తారేమోనని. ఎనిమిది నెలలు. ఆ టెన్షన్ ఎలాంటిదో కొందరికి చెప్పక్కర్లేదు.

నన్ను నేను సమర్థించుకోవడానికి నా దగ్గర కారణం ఉండేది. నాకు రెండు పేర్లు. బడి రిజిస్టర్లో ఒకటి, గుళ్ళో ఒకటి. మీలో కూడా సగం మందికి రెండున్నాయని నాకు తెలుసు, తల దించుకోవద్దు. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఎస్సీలు కారు. మన దగ్గర బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. గూడెం మారలేదు, బావి మారలేదు, దొర నోరు మారలేదు, కాగితం మాత్రం మారాలి. తండ్రులు పిల్లల భవిష్యత్తు చూసి రెండో పేరు పెట్టుకున్నారు. వాళ్ళని వేలెత్తి చూపే యోగ్యత నాకు లేదు. ఎవరైనా ఇక్కడికొచ్చి వాళ్ళని తిడితే నేను లేచి వెళ్ళిపోతాను. కానీ నా విషయంలో కాగితం పేరు కాగితం మీద ఆగలేదు. నాలోకి దిగింది. ఎవరైనా వెనకనుంచి గుళ్ళో పేరుతో పిలిస్తే ఉలిక్కిపడే దశకి వచ్చాను.

ఒక శనివారం చెప్పాపెట్టకుండా నాయనమ్మ బస్సు దిగింది. సంచినిండా ఎండుమిరపకాయలు, జొన్నలు, ఇంత ఉసిరికాయ తొక్కు. సాయంత్రం నేను స్టవ్ మీద ఎసరు పెడితే తను బియ్యం ఏరింది. కడిగే ముందు పిడికెడు తీసింది. తీసి అటూ ఇటూ చూసింది.

"గురిగేది?"

"ఇక్కడెందుకే, ఊరుకో" అన్నాను.

పిడికిలి విప్పలేదు. అలా పట్టుకునే నిలబడి, గూట్లో ఉన్న స్టీలు గ్లాసు తీసి అందులో వేసింది. సరిగ్గా అప్పుడే ఇంటావిడ గుమ్మంలోకి వచ్చింది, పెద్దావిడ వచ్చిందట కదా పలకరిద్దామని. మంచి మనిషే పాపం. గ్లాసు చూసి "అదేంటమ్మా, గ్లాసులో బియ్యం?" అంది.

నేను ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచేలోపు నాయనమ్మ అందుకుంది. "దేవుని పాలమ్మా. మేం ఏసయ్య బిడ్డలం. పొద్దుగాల గుడికి తీస్కపోవాలె." అక్కడితో ఆగిందా? "మీది ఊళ్ళోనేనా?" అని ఆమె అడిగితే "ఊరు ఆడికే. మాది ఊరవతల గూడెం" అంది. కాసేపు స్టవ్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

నెలాఖరుకి ఇంటావిడ తమ్ముడు వస్తున్నాడని గది ఖాళీ చేయమన్నారు. ఆ తమ్ముడు రాలేదు. టులెట్ బోర్డు రెండు నెలలు అలాగే వేలాడింది, నేను బడికి పోతూ వస్తూ చూశాను. సామాను మోయడానికి నాయనమ్మ మళ్ళీ వచ్చింది. రిక్షాలో నేను ఏడుస్తున్నాను. ఆమె ట్రంకుపెట్టె ఒళ్ళో పెట్టుకొని, దానిమీద చేయి వేసి ఏమందో తెలుసా? "ఎనిమిది నెల్ల సంది గిండ్ల పెట్టి మూతేసినవ్. ఏసయ్యకు ఊపిరాడకుంట జేసినవ్ గదనే!" ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. రిక్షా అతను కూడా నవ్వాడు. తర్వాత దొరికిన గది రైల్వేలో చేసి రిటైరైన ఒక ముస్లిం పెద్దాయనది. ఆయన అడిగింది ఒకటే, అద్దె ఒకటో తారీఖున ఇస్తారా అని.

ఆ రిక్షాలో నాకు తట్టింది. నేను డిగ్రీ చదివాను, గవర్నమెంటు జీతం తీసుకుంటున్నాను, ఇంగ్లీషులో ప్రార్థన చేయగలను. ఆమెకు వేలిముద్ర. అయినా భయం నాకు, ఆమెకు కాదు. ఎందుకు? నేను ఆ ఇంట్లో ఎనిమిది నెలలూ కొంగు పట్టి నిలబడ్డాను. గది, మర్యాద, పలకరింపు... ఎవరో పోస్తే పట్టుకునేదాన్ని. ఆమె రోజుకు రెండుసార్లు పిడికెడు తీసి పక్కన పెడుతోంది. పక్కన పెట్టే మనిషికి "నాకుంది" అని తన చేయే తనకు చెబుతుంది. డెబ్భై ఏళ్ళు అలా చెప్పించుకున్న మనిషిని గది ఖాళీ చేయమంటే బెదురుతుందా?

పౌలు మాసిదోనియ సంఘాల గురించి రాశాడు: "వారు నిరుపేదలైనను వారి దాతృత్వము బహుగా విస్తరించెను." చాలాకాలం నేను దీన్ని లోపమున్న వాక్యం అనుకున్నాను. నిరుపేదలైతే దాతృత్వం ఎలా విస్తరిస్తుంది, పొంతన లేదే అని. మా గంప గుర్తొచ్చాక పొంతన కనబడింది.

ఇక్కడ ఒక మాట కటువుగా చెబుతాను, పెద్దలు క్షమించాలి. ఈ మధ్య టీవీల్లో, ఫోన్లలో ఒక బోధ వినబడుతోంది. వెయ్యి విత్తండి, లక్ష కోయండి. మా నాయనమ్మ అది వింటే చిట్టీపాట అనుకునేది. (నవ్వులు) ఆమెకు పిడికెడు వేస్తే కుండెడు రాలేదు. ఏలీయా ప్రవక్తకు పెట్టాక పిండీ నూనే తరగని సారెపతు విధవరాలి కథ ఆమెకు ప్రాణం, "తొట్టిలో పట్టెడు పిండియు బుడ్డిలో కొంచెము నూనెయు" అన్నచోట కళ్ళు తుడుచుకునేది. కానీ తన ఇంట్లో తొట్టి ఖాళీ అయిన రోజులు చాలా ఉన్నాయి. ఖాళీ అయిన మర్నాడు పక్కింట్లోంచి గిన్నెలో వచ్చింది. ఆ గిన్నెవాళ్ళది ఎండిననాడు మా ఇంట్లోంచి పోయింది. లెక్క అంతే, పెరగలేదు, తిరిగింది.

ఇంకొకటి. మనకు గడీలు పోయాయి అనుకుంటున్నాం. మాలల గుడి, మాదిగల గుడి అని ఒకే ఊళ్ళో రెండు గోడలు లేస్తే అవేమిటి? పెళ్ళి సంబంధం వచ్చేసరికి విశ్వాసులమే అయినా ఇంటిపేరు ఎందుకు అడుగుతున్నాం? అజరయ్య గారికి కూడా ఇది జీవితమంతా గుండెల్లో ముల్లే. నేను ఇంతకంటే మాట్లాడితే వచ్చే ఏడాది నన్ను పిలవరు. కానీ కోతపండుగ రోజు మాత్రం ఆ గోడలు కొంచెం వంగుతాయి. వేలంపాటలో ఒకే గుమ్మడికాయని ఒకరు పాడుకొని, మళ్ళీ బల్ల మీద పెట్టేసి, ఇంకొకరు పాడుకొని, మూడోవాడి దగ్గర కూడా ఆగకపోవడం చూశారు కదా? నాకు ఆ గుమ్మడికాయ అంటే చాలా గౌరవం.

అజరయ్య గారి మాట ఒకటి చెప్పి ముగిస్తాను. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సమావేశం జరిగింది. ఆయనకు ముప్పయ్యారేళ్ళు కూడా నిండలేదు. హాలునిండా తెల్లదొరలు, మన దేశానికి డబ్బు పంపినవాళ్ళు, మనుషుల్ని పంపినవాళ్ళు. వాళ్ళ ముందు నిలబడి, మీరు మీ ఆస్తి బీదలకిచ్చారు, మీ శరీరాలు కాల్చబడడానికి ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. ఆ మాట కొందరికి నచ్చలేదు. ఇంత ఇస్తుంటే ఇంకా ఏం కావాలట అని. నేను చిన్నప్పుడు ఈ మాట చదివి మనవాడు ఎంత బాగా అడిగాడో అనుకున్నాను. అది నన్ను కూడా అడుగుతుందని అనుకోలేదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. గురిగి ఇల్లు మారేటప్పుడు పగిలిపోయింది. హార్లిక్స్ సీసాలో వేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ పక్కన ఇంకోటి కడుతున్నారు, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటున్నాయి. సీసాలోదానికి ఇంకొంత కలిపి, ఒక కవర్లో తీసుకెళ్ళి అక్కడ ఒకామెకి ఇచ్చేదాన్ని. గేటు దగ్గర ఇవ్వడం, చేయి ఊపడం, తిరిగి రావడం. రెండు నిమిషాల పని. మనసుకు హాయిగా ఉండేది, బీపీ కూడా తగ్గినట్టుండేది.

మూడోసారో నాలుగోసారో ఆమె నా మణికట్టు పట్టుకుంది. వదల్లేదు. లోపలికి తీసుకెళ్ళి రెండు ఇటుకలు జరిపి, కొంగుతో దులిపి కూర్చోబెట్టింది. పాలు లేని చాయ్ స్టీలు గ్లాసులో పోసి నా చేతికిచ్చింది.

అబద్ధం చెప్పను. ఆ గ్లాసు చూసి నేను ఒక్క క్షణం ఆగాను. అంచు దగ్గర ఏదో ఎండిపోయి అంటుకొని ఉంది. మా నాన్నకి చాయ్ కొట్టు దగ్గర చూరులో విడిగా పెట్టిన గ్లాసు కథ విని పెరిగినదాన్ని నేను. నేనే ఆగాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది, ఆ ఆగడం ఆమెకు తెలుసు. చూసి చూసి తెలిసిన చూపు అది.

తాగాను. చక్కెర దండిగా వేసింది, నాకేమో షుగరు. తన గుండె మీద చేయి పెట్టుకొని తన పేరు చెప్పింది. తర్వాత నా వైపు వేలు చూపించింది. చెప్పాను. రిజిస్టర్లోది కాదు, గుళ్ళోది. ఆమెకు నోరు తిరగలేదు. రెండుసార్లు ప్రయత్నించి, నవ్వేసి, "మౌసీ" అంది. గ్లాసు కడగబోతే లాక్కుంది.

పాస్టరు గారు గడియారం చూస్తున్నారు. వందనాలు.